బొమ్మలో లేని ఊపిరి

హత్యలు చూడ్డంలో మా రాజారత్నాన్ని మించిన మొనగాడు కృష్ణా జిల్లాలో లేడు. ఈ మాట ఎవరొచ్చి అడిగినా గుండె మీద చెయ్యేసుకుని చెబుతాను. గుడివాడలో ఒక సినిమాహాల్లో ముప్పై నాలుగేళ్ళు ఆపరేటరుగా పనిచేశాడు. రోజుకి నాలుగు ఆటలు. ఆటకి తక్కువలో తక్కువ అయిదు హత్యలు. పండగ లేదు, పబ్బం లేదు. మీరే వేసుకోండి, రెండున్నర లక్షలు తేలతాయి. గొడ్డలితో నరకడం, కొడవలితో కొయ్యడం, కొబ్బరి బొండాల కత్తితో తెగ్గొట్టడం, ఒకసారైతే ఒకణ్ణి చెరుకు మిషన్లో పెట్టి తిప్పడం. అవన్నీ జరుగుతుంటే రాజారత్నం పైన క్యాబిన్లో క్యారేజీ విప్పుకుని, గోంగూర పప్పు కలుపుకుని, ఒక్క మెతుకు కింద పడకుండా తినేవాడు. కింద హాల్లో ఆడవాళ్ళు కొంగు అడ్డం పెట్టుకునేవాళ్ళు, మగవాళ్ళు దగ్గొచ్చినట్టు తల వంచుకునేవాళ్ళు. మనవాడు ఆవకాయ టెంక చీకుతూ ఉండేవాడు.

రిటైరయ్యాక ఈ సంగతి చెప్పుకోవడానికి అతనికొక చోటు దొరికింది. ఏలూరు రోడ్డులో అబ్దుల్ గఫార్ టైలరింగు షాపు. గఫార్ కాజాలు కుడుతుంటాడు, రాజారత్నం బల్ల మీద కూర్చుని కోతలు కోస్తుంటాడు.

"రక్తం చూసి కళ్ళు తిప్పుకునేవాడు ఆపరేటరు కాదు గఫారూ."

"నువ్వు మనిషివి కాదు రత్నం, రుబ్బురోలువి. మా ఇంట్లో బక్రీదుకి నేను పెరట్లోకి కూడా వెళ్ళను తెలుసా?"

"అందుకే నువ్వు కాజాలు కుట్టుకుంటున్నావు."

ఇక అతని భార్య ఎస్తేరమ్మ సంగతి. మొగుడు ఊరందరికీ సినిమా చూపించే మనిషి, పెళ్ళాం జన్మలో సినిమా చూడని మనిషి. బాప్తిస్మం తీసుకున్న రోజున వాళ్ళమ్మ మాట తీసుకుందట, హాల్లో కాలు పెట్టనని. పెట్టలేదు. ముప్పై నాలుగేళ్ళు మధ్యాహ్నం క్యారేజీ తెచ్చి గేటు దగ్గర నిలబడేది. లోపల గంట మోగేది. "గంట కొట్టారు, ఆట మొదలైపోతుంది, తీసుకోండి" అని చేతిలో పెట్టి వెనక్కి తిరిగిపోయేది. సినిమా గురించి ఆవిడకి తెలిసిందల్లా అదొక్కటే. ముందు గంట కొడతారు, ఆ తర్వాత మొదలవుతుంది.

క్రిందటేడు ఎస్తేరమ్మ దివిసీమ వెళ్ళింది. నాగాయలంక అవతల తమ్ముడి ఊరు, తమ్ముడు కట్టుకున్న కొత్తింటికి ప్రార్థన. ప్రార్థన అయ్యాక మిగిలిన అరటిపళ్ళు బుట్టలో పెట్టుకుని కాలవగట్టు మీద నడిచొస్తుంటే అక్కడ షూటింగు. వ్యాన్లు, గొడుగులు, జనం. ఒక టోపీ కుర్రాడు పరిగెత్తుకుంటూ వచ్చి ఆవిణ్ణి ఎగాదిగా చూశాడు. శవం పక్కన కూర్చోవలసిన ముసలావిడ హైదరాబాదు నుంచి రావాలట, ఆవిడ ఎక్కిన కారు దారిలో ఎక్కడో చెడిపోయిందట.

"అమ్మగారూ, సినిమాలో వేస్తారా?"

"నేను సినిమాలు చూడను నాయనా."

"చూడక్కర్లేదండీ. కూర్చుంటే చాలు."

ఎస్తేరమ్మ ఆలోచించింది. హాల్లో కాలు పెట్టనని మాట ఇచ్చింది గానీ గట్టు మీద కూర్చోనని ఇవ్వలేదు. బుట్ట పక్కన పెట్టి కూర్చుంది.

ఆవిడ ముందు ఒక కుర్రాడు వెల్లకిలా పడి ఉన్నాడు. ఇరవై ఏళ్ళుంటాయేమో. చొక్కా చిరిగి, మెడ నుంచి నడుము దాకా ఎర్రటి నెత్తురు. నెత్తురంటే పంచదార పాకంలో రంగు కలిపింది. పొద్దున ఏడింటికి పోశారు, ఇప్పుడు పదకొండు. కాలవగట్టు చీమలకి సినిమా సంగతి తెలియదు కదా. ఎర్రచీమలు బారులు కట్టి వచ్చేశాయి. కుర్రాడి మెడ మీద, గడ్డం మీద, కనురెప్పల అంచున. శవం కాబట్టి వాడు కదలకూడదు. కదలడం లేదు.

ఎస్తేరమ్మ అటూ ఇటూ చూసింది. ఎవరూ ఏమీ అనడం లేదు. గంట కూడా కొట్టలేదు. ఇంకా మొదలవలేదన్నమాట. అయితే ఈలోగా ఒక్కొక్క చీమనే తీసేద్దామని కొంగుతో తుడవడం మొదలుపెట్టింది.

"ఏ ఊరు నాయనా మీది?"

కుర్రాడు పెదవి కదలకుండా అన్నాడు. "బందరు."

"పొద్దున్నుంచీ ఏమన్నా తిన్నావా?"

"ఊహూ."

"అయ్యో, నా తండ్రీ. తినలేదా? పొట్ట చూడు, వెన్నుకి అంటుకుపోయింది." పొట్ట మీద చెయ్యి వేసి చూసింది. ఆ చేతి కింద ఊపిరి లేస్తోంది, పడుతోంది. ఒక చేత్తో పొట్ట నిమురుతూ, ఇంకో చేత్తో చీమలు తుడుస్తూ అలా చాలాసేపు కూర్చుంది. కుర్రాడి కంటి కొసల్లోంచి నీళ్ళు కారాయి. అదీ తుడిచింది.

కాలవ అవతలి గట్టు మీద, కెమెరా ఉన్న చోటి నుంచి ఎవరో కేకేశారు. జనమంతా చప్పట్లు కొట్టారు.

"ఎప్పుడు మొదలెడతారు బాబూ? నాకు బస్సు టైమవుతోంది" అంది ఎస్తేరమ్మ.

టోపీ కుర్రాడు నవ్వాడు. "అయిపోయిందమ్మా! ఒకే టేకు! డైరెక్టరుగారు ఏడ్చేశారు!"

ఆవిడకి ఒక్క ముక్క అర్థం కాలేదు. బుట్టలోంచి రెండు అరటిపళ్ళు తీసి కుర్రాడికి ఇవ్వబోతే, "ఇంకో షాటుందమ్మా, అతన్ని కదిలించకండి" అని ఆవిణ్ణి ఆటో ఎక్కించేశారు. ఆటో మలుపు తిరిగేదాకా వెనక్కి తిరిగి చూసింది. కుర్రాడు అలాగే పడి ఉన్నాడు. వాడు లేవడం ఎస్తేరమ్మ చూడలేదు.

ఎనిమిది నెలలకి ఆ సినిమా వచ్చింది. గుడివాడలో అదే హాల్లో. వచ్చే ముందు రోజు నుంచే ఎస్తేరమ్మ చర్చిలో స్త్రీల సమాజం వాళ్ళందరికీ చెప్పేసింది. సమాజం సెక్రటరీ సుమలత టీచరు, "ఏమండీ, మీరు హాల్లో కాలు పెట్టరుగా?" అని ఏడిపిస్తే, "నేను సినిమాకి వెళ్ళడం లేదమ్మా, నన్ను నేను చూసుకోవడానికి వెళ్తున్నా. అద్దంలో చూసుకోవడం పాపమా?" అంది. అరవై నాలుగేళ్ళ మనిషి, కొత్త చీరకి ఫాలు కుట్టించుకుంది. గఫార్ దగ్గరే.

రాజారత్నం ఒక రోజు ముందు, శుక్రవారం మార్నింగ్ షోకి ఒక్కడే వెళ్ళాడు. ఏ రీలు దగ్గర ఎస్తేరు వస్తుందో కనుక్కుని, రేపు పక్కన కూర్చుని గొప్పగా చెబుదామని.

ఇక్కడ నేను మొదట్లో అన్న మాట ఒకటి వెనక్కి తీసుకోవాలి. గుండె మీద చెయ్యేసి మరీ చెప్పాను, ఇప్పుడా చెయ్యి తీసేస్తున్నాను, ఏమనుకోకండి. రాజారత్నం ఆ రెండున్నర లక్షల హత్యల్లో ఒక్కటీ చూడలేదు! ఆపరేటరు బొమ్మ చూడడండీ. మిషన్లో వెలుగిచ్చే కార్బన్ పుల్లలు సరిగా మండుతున్నాయా లేదా అని చూస్తాడు. రీలు చివరికొస్తుంటే తెర మీద కుడిపక్క పైమూల ఒక చుక్క పడుతుంది. ఆ చుక్క పడగానే రెండో మిషను మోటారు వేయాలి. రెండో చుక్క పడగానే మార్చాలి. ముప్పై నాలుగేళ్ళు అతను చూసింది ఆ పైమూల. కింద ఎవణ్ణి ఎవడు నరుకుతున్నాడో అతనికి అక్కర్లేదు. గోంగూర పప్పు అందుకే దిగింది. పైగా, హాలు ఓనరుగారి తల్లి మనవల్ని తీసుకుని వచ్చినప్పుడు, నరుకుడు సీను రాగానే లెన్సుకి అరచెయ్యి అడ్డం పెట్టేసేవాడు. తెర నల్లబడేది. ఓనరుగారే చెప్పిన పద్ధతి అది.

ఆ శుక్రవారం కూడా, తెర మీద ఆరుగురు కలిసి ఆ బందరు కుర్రాణ్ణి నరుకుతున్నప్పుడు, అలవాటుగా కుడిపక్క పైమూలకి చూశాడు. ముందు వరసల్లో ఈలలు. కాగితాలు ఎగరేస్తున్నారు. వెనక ఎవడో "అదీ! ఇంకోటెయ్!" అంటున్నాడు. రాజారత్నం చుక్క కోసం చూస్తూనే ఉన్నాడు. ఇప్పుడు రీళ్ళెక్కడివి, చుక్కలెక్కడివి? మూల ఖాళీగా ఉంది. అక్కడ చూడ్డానికి ఏమీ లేకపోయేసరికి కళ్ళు వాటంతటవే కిందికి దిగాయి.

ఎస్తేరు కూర్చుని ఉంది.

ఏడవడం లేదు. గుండెలు బాదుకోవడం లేదు. చచ్చిన కొడుకు మొహం మీద చీమలు తుడుస్తోంది. కనురెప్ప మీద చీమని రెప్పకి తగలకుండా గోటితో తీస్తోంది. రోజూ బియ్యంలో రాయి తీసే చెయ్యి అదే. "పొద్దున్నుంచీ ఏమన్నా తిన్నావా?" అంటోంది. జవాబు లేదు. కాసేపాగి, "అయ్యో, నా తండ్రీ. తినలేదా?" అంటోంది. చచ్చినవాణ్ణి.

హాల్లో ఈలలు ఆగిపోయాయి. అప్పటిదాకా "ఇంకోటెయ్" అన్నవాడు కుర్చీలో కిందికి జారాడు.

రాజారత్నం ముందు కుర్చీ వీపు పట్టుకుని వంగాడు. తెర మీద నరికినవాళ్ళకి తెలుసు, అది అట్టకత్తి అని. నరికించుకున్నవాడికి తెలుసు. కెమెరా వాడికి, సంగీతం వాడికి, టికెట్టు కొన్నవాడికి, అందరికీ తెలుసు. ఒక్క ఎస్తేరుకే, ఆట మొదలైన సంగతి తెలియదు. ఆ బొమ్మ మొత్తంలో నిజంగా ఉన్నది ఆవిడొక్కతే. ఆవిణ్ణి తీసుకొచ్చి ఈ నెత్తుట్లో కూర్చోబెట్టారు. లేచి కేకేద్దామనుకున్నాడు. ఎవరి మీద? అది ఎనిమిది నెలల కిందటే అయిపోయింది.

బయటికొచ్చి గఫార్ షాపులో మంచినీళ్ళు తాగాడు.

"ఏంటి రత్నం, మొహం అలా ఉంది?"

"ఇవాళ హత్య చూశాను గఫారూ."

"రెండున్నర లక్షల ఒకటోదా?"

"కాదు. మొదటిది."

గఫార్ మిషను ఆపాడు. రాజారత్నం అంతా చెప్పాడు. "ఎస్తేరు ఇది చూడకూడదు" అన్నాడు చివర.

"వదిన నవ్వుకుంటూ చూస్తుందిలే. నువ్వే పెద్దది చేస్తున్నావు."

"అది బతికున్నవాడికి చీమలు తుడిచింది గఫారూ. వీళ్ళు వాణ్ణి చంపి, దాని ఒళ్ళో పెట్టారు. అది దానికి తెలియదు. తెలియనివ్వకూడదు."

ఆ సాయంత్రం రాజారత్నం ఆడిన అబద్ధాలు నేను రాస్తే ఇంకో పుస్తకమవుతుంది. టికెట్లు అయిపోయాయన్నాడు. ఏసీ పాడైందన్నాడు. హాల్లో నల్లులున్నాయన్నాడు. సుమలత టీచరు ఆన్‌లైన్లో అయిదు టికెట్లు ఎప్పుడో తీసేసింది. చివరికి, "సినిమా పాపమే, మీ అమ్మకి మాటిచ్చావు కదా" అన్నాడు.

ఎస్తేరమ్మ అతని వంక అదోలా చూసింది. "ముప్పై నాలుగేళ్ళు ఆ పాపం జీతం నా చేతికి తెచ్చిచ్చారుగా. అప్పుడేం గుర్తు రాలేదే?"

"అది వేరు."

"నేను బాగా లేనా ఏంటి అందులో? ముసలిదానిలా కనబడుతున్నానా?"

"బాగానే ఉన్నావే."

"మరి ఏడుపెందుకు?"

రాజారత్నం చెప్పులేసుకుని వీధిలోకి వెళ్ళిపోయాడు.

శనివారం మ్యాట్నీకి అయిదుగురు ఆడవాళ్ళూ వెళ్ళారు. కొత్త చీర, తల్లో మల్లెపూలు. రాజారత్నం కింద కూర్చోలేదు. క్యాబిన్ మెట్లెక్కాడు. అక్కడిప్పుడు అనిల్ కుమార్ ఉంటాడు. ముదినేపల్లి కుర్రాడు, మంచివాడు, రాజారత్నాన్ని బాబాయ్ అంటాడు. ఎస్తేరమ్మని మాత్రం ఎప్పుడూ చూడలేదు.

"అనిలూ, ఇంటర్వెల్ తర్వాత పావుగంటకి ఒక సీనొస్తుంది. రెండు నిమిషాలు ఆపెయ్యరా."

"ఇది కంప్యూటరు బాబాయ్. ఆపితే మళ్ళీ ఎక్కడానికి తిప్పలు పెడుతుంది. ఎందుకు ఆపావని కంపెనీ వాళ్ళు ఫోను చేసి అడుగుతారు."

"పోనీ ముందుకి తోసెయ్."

"తోస్తే కూడా తెలిసిపోతుంది. నా ఉద్యోగం పోతుంది బాబాయ్, నీకు దణ్ణం పెడతా."

రాజారత్నం గోడకి ఆనుకుని నిలబడ్డాడు. అద్దంలోంచి కింద తలలు కనిపిస్తున్నాయి. ఏడో వరసలో మల్లెపూలు. నరుకుడు మొదలైంది. ఈలలు మొదలయ్యాయి. మల్లెపూలు పక్కకి తిరిగి సుమలత టీచరు భుజం వెనక దాక్కున్నాయి. నరుకుడు అయిపోయింది. "వస్తున్నా, ఇప్పుడు నేనొస్తా" అన్నట్టు మల్లెపూలు మళ్ళీ నిటారుగా లేచాయి.

అతను లెన్సు ముందుకి వెళ్ళి అరచెయ్యి అడ్డం పెట్టేశాడు.

తెర నల్లబడింది. వెలుతురంతా అతని చేతి మీద పడింది. చెయ్యి కాలుతోంది. చూసుకుంటే ఆ అరచేతిలో, గీతల మధ్య, రంగులు కలిసిపోయి కదులుతున్నాయి. మసకమసగ్గా ఒక చీర, ఒక చెయ్యి. ఎస్తేరు అతని అరచేతిలో కూర్చుని చీమలు తుడుస్తోంది.

బొమ్మకి చెయ్యి అడ్డం పెట్టగలడు గానీ శబ్దానికి ఏం పెడతాడు?

చీకట్లో, హాలు నాలుగు గోడల్లోంచీ, ఎస్తేరమ్మ గొంతు వచ్చింది. "పొద్దున్నుంచీ ఏమన్నా తిన్నావా?"

"అదుగో! మన ఎస్తేరమ్మగారి గొంతు!" అని సుమలత టీచరు అరిచింది. సమాజం వాళ్ళు చప్పట్లు కొట్టారు. వెనక నుంచి "బొమ్మేదిరా? ఒరేయ్ ఆపరేటరూ!" అని కేకలు, కాళ్ళతో కుర్చీలు తన్నడం. ఆ గోలలో మళ్ళీ గొంతు. "అయ్యో, నా తండ్రీ. తినలేదా?"

"బాబాయ్! చెయ్యి తియ్! నన్ను చంపేస్తారు!" అనిల్ అతని మోచెయ్యి పట్టుకుని లాగాడు. డెబ్బై ఏళ్ళ చెయ్యి. వచ్చేసింది.

తెర మీద మిగిలింది పది క్షణాల ముక్క. ఎస్తేరు మొహం లేదు, చీమలు లేవు, మాటలు లేవు. కుర్రాడి పొట్ట మీద ఎస్తేరు చెయ్యి, అంతే, తెర నిండా. చెయ్యి అలాగే ఉంది. పొట్ట అలాగే ఉంది. చీమలు తుడిచిన ముక్కంతా రాజారత్నం చేతిలో దాచేసి, ఆవిడ చూడకూడనిది ఏదైతే ఉందో దాన్ని మాత్రం మిగిల్చి చూపించాడు.

ఆట వదిలాక ఎస్తేరమ్మ మెట్ల దగ్గర నిలబడి ఉంది. సమాజం వాళ్ళు ఆవిడ చేతులు పట్టుకుని, "మీ గొంతు ఎంత బాగుందండీ, ఆ చెత్త మిషనే పాడైపోయింది" అంటున్నారు. ఆవిడ నవ్వుతున్నట్టే ఉంది. అందరూ వెళ్ళిపోయాక ఇద్దరూ నడిచి ఇంటికి వచ్చారు. చెప్పులు విప్పుతూ అడిగింది.

"ఏవండీ, ఆ పిల్లాడికేమైంది?"

"ఏమవుతుంది? సినిమా."

"సినిమా అని నాకూ తెలుసు, నేను పిచ్చిదాన్ని కాదు. నా చెయ్యి వాడి పొట్ట మీద ఉంది. అప్పుడు లేచి పడుతోంది. నా చేతికి తెలీదా? ఇందాక చూశాను. లేవలేదు."

"అది కంప్యూటర్లో తీసేస్తారే. శవం ఊపిరి తీసుకుంటే జనం నవ్వరూ? అందుకని చెరిపేస్తారు."

"ఊపిరి తీసేస్తారా?"

"బొమ్మలోదే. వాడిది కాదు."

"మీరు చూశారా, వాడు లేవడం?"

"నేనెక్కడ చూశాను?"

"నేనూ చూళ్ళేదు" అంది.

అన్నం పెట్టింది గానీ తను తినలేదు. ఆవిడకి తెలియనిదేమీ లేదు. అట్టకత్తి అని తెలుసు, పంచదార పాకమని తెలుసు, కంప్యూటరు అని తెలుసు. ఆ చేతికే తెలియదు. చపాతీ పిండి కలుపుతూ మధ్యలో ఆగిపోయి అరచెయ్యి చూసుకునేది. పొద్దున్న, సాయంత్రం ప్రార్థనలో పిల్లల పేర్లు, మనవల పేర్లు అయ్యాక, "ఆ బందరు బిడ్డ" అని చేర్చేది. వారం తిరిగేసరికి గాజులు మోచేతి దాకా జారుతున్నాయి.

"వాడి గొంతు ఒక్కసారి వింటే చాలండీ. బతికున్నాననక్కర్లేదు. తిన్నానంటే చాలు" అంది ఒకరోజు.

రాజారత్నం గఫార్‌ని వెంటబెట్టుకుని బందరు బస్సెక్కాడు. బస్‌స్టాండు ఎదురుగా టీకొట్టు దగ్గర నరసింహారావు అని ఒకాయన ఉంటాడు. చుట్టుపక్కల ఎక్కడ షూటింగు జరిగినా మనుషుల్ని తోలేది ఆయనే.

"కాలవగట్టు మీద శవమా? ఎనిమిది మంది శవాల్ని పంపానండీ ఆ సినిమాకి."

"పేర్లు?"

"పేర్లెవడు రాసుకుంటాడు మాస్టారూ? ఆటోకి పది తలకాయలు లెక్కపెట్టి ఎక్కిస్తాం, పది దింపుకుంటాం."

"పదీ దిగాయా?"

నరసింహారావు టీగ్లాసు దింపి అతని వంక చూశాడు. "ఏంటండీ ఆ ప్రశ్న?"

బందర్లోనే ఇనుగుదురుపేటలో గఫార్ మేనత్త జాన్‌బీ ఉంటే, ఆవిడ కొడుకుల చేతా, కోడళ్ళ చేతా అడిగించింది. చిలకలపూడిలో రోల్డుగోల్డు పనివాళ్ళని అడిగారు. మంగినపూడిలో బీచి దగ్గర మొక్కజొన్న కండెలు కాల్చేవాడు ఆ సినిమాలో చచ్చిపోయాడని ఎవరో చెబితే, ఎండలో ఆటో కట్టించుకుని వెళ్ళారు. వాడు విసనకర్ర ఆపి, రొమ్ము విరుచుకుని అన్నాడు.

"నేను వంతెన మీద చచ్చిపోయినవాణ్ణండీ. కాలవగట్టు వాడు వేరు."

"వాడెవడో తెలుసా?"

"మాతో మాట్లాడలేదండీ. పొద్దున్నే పడుకోబెట్టేశారు వాణ్ణి."

రెండు కండెలు కొనుక్కుని తింటూ సముద్రం వంక చూస్తూ కూర్చున్నారు ఇద్దరు ముసలాళ్ళు. ఉప్పు, కారం, నిమ్మకాయ అన్నీ ఉన్నాయి. సగం తిని పక్కన పెట్టేశారు.

"పోనీ వీడినే ఫోన్లో మాట్లాడిద్దామా?" అన్నాడు గఫార్.

"వీడు కావిడి బద్దలా ఉన్నాడు, మాట కూడా అలాగే ఉంది" అన్నాడు రాజారత్నం. కానీ గఫార్ అన్న మాట అతని బుర్రలో పడిపోయింది. గుడివాడ వచ్చే బస్సులో దారంతా తిరుగుతూనే ఉంది.

మర్నాడు క్యాబినుకి వెళ్ళి అనిల్ కుమార్ ముందు నిలబడ్డాడు. "నా చెయ్యి లాగావుగా ఆ రోజు. దానికి బదులు ఒక పని చెయ్యరా."

మధ్యాహ్నం మూడింటికి ఫోను మోగింది. రాజారత్నం స్పీకరు పెట్టి ఎస్తేరమ్మకిచ్చాడు. "దొరికాడే. బందరు కుర్రాడు."

ఆవిడ కొంగు సర్దుకుంది, ఎదురుగా మనిషి వచ్చినట్టు.

"అమ్మా, బాగున్నారా? నేనండీ. గట్టు మీద..."

"నాయనా! ఏం పేరు నీ పేరు?"

"జాన్సనండీ."

"అమ్మ ఉందా?"

"ఉందమ్మా."

"ఆ రోజు తర్వాత తిన్నావా?"

"బిర్యానీ పెట్టారమ్మా. రెండుసార్లు వేయించుకున్నా."

ఎస్తేరమ్మ మొహం విప్పారింది. రాజారత్నం గోడకి చేరగిలబడ్డాడు.

"నీ ఓర్పు ఎవరికుంటుంది నాయనా" అంటోంది ఆవిడ. "ఆ ఒక్క చీమ ఎంత గట్టిగా పట్టుకుందో, నేను తీసేదాకా వదల్లేదు. నీ కళ్ళల్లోంచి నీళ్ళు కారిపోయాయి, అయినా కదల్లేదు నువ్వు. ఎక్కడ నాయనా అది కుట్టింది? మచ్చ పడిందా?"

పరీక్ష పెడుతున్నట్టు అనలేదండీ. పక్కింటి పిల్లాణ్ణి అడిగినట్టే అడిగింది.

రాజారత్నం ఫోను వంక చూస్తూ ఉండిపోయాడు. అతను చెయ్యి అడ్డం పెట్టడానికి అక్కడ లెన్సు కూడా లేదు.

"చెంప మీదమ్మా" అన్నాడు అనిల్. "తగ్గిపోయింది. మచ్చేం లేదు."

ఎస్తేరమ్మ కుడిచెయ్యి మెల్లగా లేచి, తన చెవి వెనక్కి వెళ్ళి, అక్కడ ఒకసారి తడుముకుని, ఒళ్ళోకి దిగింది.

"సరే నాయనా" అంది. "వేళకి తిను."

ఫోను భర్త చేతిలో పెట్టి వంటింట్లోకి వెళ్ళింది. "ఏవండీ, టీ పెట్టనా?" అంది అక్కణ్ణుంచి. గొంతు మామూలుగానే ఉంది. సాయంత్రం ప్రార్థనకి కూర్చున్నప్పుడు రాజారత్నం చెవులు రిక్కించి కూర్చున్నాడు, జాన్సన్ అంటుందా, బందరు బిడ్డ అంటుందా అని. రోజూ పైకి చేసే మనిషి, ఆ రోజు పెదాలు మాత్రమే కదిపింది. ఇప్పటికీ అంతే. అన్నం తింటోంది, ఫరవాలేదు. ఆ ఫోను సంగతి ఇద్దరూ ఎత్తరు.

ఇదంతా రాజారత్నం గఫార్ షాపు బల్ల మీద కూర్చుని నాకు చెప్పిందే. చెరుకు మిషను లాంటివి ఒకటీ అరా నేను తగిలించుంటాను, అవి లెక్కలోకి రావు. కానీ ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. ఆవిడ చెయ్యి చెవి వెనక్కి వెళ్ళిందన్నానే, అది నా కల్పన. కథకి బాగుంటుందని రాసేశాను. ఆవిడ చెయ్యి ఎక్కడికీ వెళ్ళలేదట, ఒళ్ళోనే ఉందట. చీమ కుట్టింది చెవి వెనకో, మెడ మీదో, లేక నిజంగా చెంప మీదేనో, రాజారత్నానికీ తెలియదు, నాకూ తెలియదు. వెళ్ళి ఆవిణ్ణి అడగవచ్చు. రెండుసార్లు గుమ్మం దాకా వెళ్ళాను. టీ ఇచ్చింది, తాగి వచ్చేశాను.